అవ్వ సూదిమందు

బంగారు గనుల ఊరు రాబర్ట్‌సన్‌పేటలో మా మిద్దె ఎక్కితే, బంగారం తీశాక మిగిలిన రాతిపొడి పోసిన సైనైడ్ దిబ్బలు కనిపించేవి. వేసవి గాలి లేచిందంటే ఆ పొడి ఆరేసిన బట్టల మీదా వడియాల మీదా వాలేది. నాయన గని మిల్లులో పనిచేసేవాడు. రాతిని పిండి చేసి సైనైడ్ నీళ్లలో నానబెడితే బంగారం కరిగిపోతుందనీ, అందులో జింకు పొడి వేస్తే జింకు తాను కరిగి బంగారాన్ని బయటికి నెడుతుందనీ చెప్పేవాడు. చెమటకూ చింతపండుకూ చలించని బంగారం విషానికి లొంగడం నాకు వింతగా ఉండేది.

నేను ఏడో తరగతిలో ఉండగా అవ్వకు వేళ్ల కణుపులు వాచిపోయాయి. రాగి ముద్ద తుంచుకోలేకపోయేది. (మా వైపు రాగి అంటే మొదట గుర్తొచ్చేది తిండే, లోహం కాదు.) డాక్టరు వారానికొక బంగారం సూది రాశాడు. మూత్రపిండాలకు దెబ్బ తగలకుండా, సూది వేసే ముందల్లా మూత్రపరీక్ష.

"మీ నాయన భూమిలోంచి తీసిందంతా నా ఒంట్లోకి ఎక్కిస్తా ఉండారేమిరా?" అంది అవ్వ.

అది గొలుసు బంగారం కాదు, గంధకంతో ముడిపడి నీళ్లలో కరిగే బంగారు లవణం. దాని కథ పెద్దయ్యాక చదివాను. బంగారు సైనైడ్ క్షయ క్రిములను గాజుగొట్టంలో అణచడం 1890లో రాబర్ట్ కోఖ్ చూశాడు. మా నాయన తొట్లలో కలిసిన జంటే అది! మనిషి ఒంట్లో మాత్రం దాని ఆట సాగలేదు. కీళ్లవాతమూ క్షయలాంటిదే అనుకుని ఫ్రాన్సు వైద్యుడు జాక్ ఫారెస్టియే 1929 నాటికి రోగులకు బంగారు లవణాలు ఎక్కించి చూశాడు. ఊహ తప్పు, మందు పనిచేసింది. అవ్వకూ నాలుగైదు నెలలకు వేళ్లు వంగాయి. ఇప్పుడు మెథోట్రెక్సేట్ వచ్చాక ఆ సూది రాసేవాళ్లు దాదాపు లేరు.

తాతకు అలాంటి మందు దొరకలేదు. చాంపియన్ రీఫ్ గనిలో డ్రిల్లు పట్టిన మనిషి. బంగారం ఆయన్నేమీ చేయలేదు, దాన్ని పొదువుకున్న పలుగురాయి చేసింది. ఆ రాతిధూళిని మింగబోయిన కణాలు తామే చస్తాయి. ఆ చోట మచ్చకట్టి ఊపిరితిత్తి గట్టిపడుతుంది. నాలుగు మెట్లకే తాత గోడ పట్టుకునేవాడు.

ఆయన పోయాక, పాత ఎక్స్‌రేలు కొంటామంటూ ఒకడు మా వీధికొచ్చాడు. ఫిల్ము మీది నలుపంతా వెండి రేణువులే, దాన్ని కరిగించి అమ్ముకుంటారు. అవ్వ తాత రొమ్ము ఫిల్ము తెచ్చి వెలుతురుకు పట్టి చూసింది. నలుపు మధ్య తెల్లటి చుక్కలు, చిందిన సున్నంలా. బేరం ఆడకుండానే లోపలికి తీసుకెళ్లిపోయింది.

గనులు 2001 ఫిబ్రవరి 28న మూతపడ్డాయి. ఆ ఫిల్ము నా బీరువాలో ఉంది.