మధ్యాహ్నపు పరీక్ష

మా రెండున్నరేళ్ళవాడికి పగలు డైపరు మాన్పించాం. మెలకువగా ఉన్నంతసేపూ బుద్ధిమంతుడే, "బాపూ, సుస్సు!" అని పరుగెత్తుకొస్తాడు. చిక్కల్లా మధ్యాహ్నపు కునుకుతోనే. నైట్ షిఫ్టు చేసి వచ్చి పడుకున్న మేనమామ పక్కనే పడుకుంటానని వాడి పట్టు. రాత్రంతా గనిలో ఊటనీళ్ళకు తడిసిన మనిషి ఇంట్లోనూ తడవాలా, చెప్పండి!

"పన్నెండు దాటితే వాడికి మంచినీళ్ళివ్వకండి" అని ఆజ్ఞాపించాను. బెల్లంపల్లిలో, మే నెలలో! మా అత్తగారు నన్ను చూసిన చూపు ఇక్కడ వర్ణించను. నీళ్ళు మానినా పక్క తడుస్తూనే ఉంది. నేను కసురుతూనే ఉన్నాను.

ఒకనాడు మూడు గంటల సైరనుకు లేచి చూద్దును గదా, వాడు తడిసిన లాగు విప్పి మంచం కింద దాస్తున్నాడు. నన్ను చూసి చేతులు వెనక్కి పెట్టుకున్నాడు. భయానక రసం ఏటేటా పాఠం చెప్పేవాణ్ణి. అంత చిన్న మొహంలో దాన్ని ఎన్నడూ చూడలేదు.

నిద్రలో ఆపుకోవడం కసిరితే వచ్చే విద్య కాదు. ఒళ్ళు పాకానికి రావాలి. అయిదేళ్ళ దాకా పక్క తడిపే పిల్లలు ఎందరో. ఇప్పుడు నీళ్ళు అడిగినన్ని. పడుకునే ముందొకసారి, లేవగానే ఒకసారి తీసుకెళ్తాం. పక్క మీద రబ్బరు గుడ్డ, దానిపై పాత చీరల బొంత.

నిన్న కరెంటు పోయింది. లేచి చూస్తే వాడి లాగు పొడిగా ఉంది. మేనమామ బనియను చెమటకు ముద్దయింది.

"మామ సుస్సు పోసిండు!" అని వాడు ఒకటే చప్పట్లు.