మా తాత తుపాకి

మాది మహబూబాబాద్ జిల్లా గంగారం మండలంలో ఒక కోయ గూడెం. అక్కడి నుండి తాడ్వాయి వైపు పోతే అంతా అడవే. మా ఇంట్లో బడికి వచ్చినవాళ్లలో నేనే మొదటిదాన్ని. ఈసారి గోడ పత్రికకు “మరిచిపోలేని రోజు” అని రాయుమన్నరు. చాలామంది మేడారం జాతర గురించి రాసిండ్రు. నేను మా తాత తుపాకి గురించి రాస్తున్నాను.

అది కమ్మరి చేసిన నాటు తుపాకి. నా కంటే పొడుగు ఉండేది. దానికి తూటా ఉండదు. గొట్టం మూతిలో నుంచి మందు పోస్తరు. సురేకారం, గంధకం, బొగ్గు కలిపితే ఆ మందు అయితది. దాని మీద పాత గుడ్డ పేలిక కుక్కి, ఇనుప సువ్వతోని దంచి, సీసం గుండ్లు పోసి, మళ్లీ పేలిక కుక్కుతరు. ఒకసారి పేలినాక మళ్లీ అంతా మొదటి నుంచి చేయాలి. “ఒక్కటే దెబ్బ ఉంటది బిడ్డా, తొందరపడొద్దు” అనేటోడు తాత. వానకు మందు తడిస్తే అది ఉత్త ఇనుప కట్టెనే.

నేను మూడవ తరగతిలో ఉన్నప్పుడు ఎండాకాలం సెలవుల్లో తాత నన్ను వెంట తీసుకొని పోయిండు. ఇంకా తెల్లవారలేదు. ఇప్ప పండ్ల కాలం. తాత ఒక చెట్టు కింద నిలబడి “చెవులతోని చూడు” అన్నడు. నాకు నవ్వు వచ్చింది. అంతల టప్పున సగం కొరికిన ఇప్ప పండు నా ముందర పడ్డది. పైకి చూస్తే బెట్టుడుత! ఇది ఇంటి కాడ తిరిగే చారల ఉడుత కాదు. పిల్లి అంత ఉంటది. వీపు ఎర్రగా, తోక ఒంటి కంటే పొడుగ్గా ఉంటది. చెట్టు మీది నుంచి చెట్టు మీదికి దుంకుతది గాని నేల మీదికి ఎక్కువ దిగదు.

తాత చాలాసేపు గురి చూసిండు. ధన్ మన్నది. పొగలో నాకు ఏమీ కనబడలేదు. పొగ పోయినాక అది ఆకుల మీద పడి ఉంది. ఇంకా వెచ్చగా ఉంది. నేనే తోక పట్టుకొని గూడెం దాకా మోసిన. నాకు చాలా గర్వం అనిపించింది.

ఇంటికి పోయినాక అవ్వ దాన్ని కోయబోయి ఆగింది. దాని రొమ్ముల్లో పాలు ఉన్నాయి. “ఇది పిల్లల తల్లి” అన్నది. పిల్లల తల్లిని కొట్టొద్దని మాకు చెప్పేది తాతనే. “ఆకుల చాటున కనబడలే” అని ఒక్క మాట అన్నడు. ఆ రాత్రి అన్నం తినలేదు. పొద్దున్నే మేమిద్దరం మళ్లీ ఆ చెట్టు కాడికి పోయినం. చిటారు కొమ్మన ఆకుల గూడు ఉంది. ఆ కొమ్మ మనిషిని మోయదు. చానా సేపు నిలబడ్డం. ఏ చప్పుడూ వినబడలేదు. ఆ రోజు తాత తుపాకిని దూలానికి కట్టిండు. మళ్లీ దించలేదు.

నేను ఏడవ తరగతిలో ఉన్నప్పుడు మా గూడెంలో ఒక కాగితం అంటించిండ్రు. “చదువు బిడ్డా” అన్నడు తాత. 1972 వన్యప్రాణి చట్టం ప్రకారం వేట నేరం, లైసెన్సు లేని తుపాకి ఉంచుకోవడం కూడా నేరం అని ఉంది. శిక్ష గురించి ఉన్న కాడికి వచ్చేసరికి నా గొంతు తగ్గిపోయింది. “నేను దొంగనా బిడ్డా?” అన్నడు తాత. నేను తల వంచుకున్న.

తాత తుపాకిని అప్పగించిండు. ఉత్త చేతులతో వచ్చి భుజం రుద్దుకుంటూ కూర్చున్నడు.

ఈ ఏడు మా సోషల్ సారు 2006 అటవీ హక్కుల చట్టం గురించి చెప్పిండు. పోడు భూమికి, ఇప్ప పువ్వుకు, తునికి ఆకుకు మనకు హక్కు ఉంది గాని వేటకు లేదట. సెలవులకు పోయినప్పుడు తాతకు చెప్పిన. “సరే, అవి కూడ బతకాలె గద. కాని మమ్ముల ఒక్క మాట అడిగితే బాగుండు” అన్నడు.

ఆ కాగితం రాకముందే మా తాత వేట మానిండు. ఈ సంగతి ఏ కాగితంలో లేదు. నాకు రాయడం వచ్చింది కాబట్టి ఇక్కడ రాసిన.

— 9వ తరగతి విద్యార్థిని