ఫైలుకూ పాఠాంతరాలుంటాయి

తాళపత్ర ప్రతులు సరిచూసి పీహెచ్‌డీ తెచ్చుకున్నవాణ్ణి విద్యాశాఖ డైరెక్టరేట్‌లో పెద్ద కుర్చీలో కూర్చోబెడితే ఏం చేస్తాడని చాలామంది నవ్వుకున్నారు. అండమాన్‌లోని మిన్నీ బేలో అద్దెకు దిగిన కొత్తలో పక్కింటి శ్రీకాకుళం పెద్దాయన మొహమ్మీదే అడిగేశాడు: "పద్యాలు చదువుకున్నోరికి ఫైళ్లేటి బాబూ?"

కట్టమంచి రామలింగారెడ్డి గారు 1914లో 'కవిత్వతత్త్వ విచారము' రాసి, కళాపూర్ణోదయాన్ని విప్పి చూపించిన మనిషి. ఆయనే మైసూరు విద్యాశాఖకు ఇన్‌స్పెక్టర్ జనరల్, 1926లో ఆంధ్ర విశ్వకళాపరిషత్తుకు తొలి వైస్ చాన్సలర్. (ఆయన కేంబ్రిడ్జి చదువు సంగతి వేరనుకోండి.) నాకైతే మల్లినాథ సూరి ఎక్కువ అక్కరకొచ్చాడు. మూలంలో లేనిది రాయనని, అక్కర్లేనిది చెప్పనని ఆ మెదకు సీమ పండితుడు వ్యాఖ్యానానికి ముందే పెట్టుకున్న కట్టడి, ఆఫీసు నోటింగుకు అక్షరాలా సరిపోతుంది.

ఈ ద్వీపాల బళ్లలో హిందీ, ఇంగ్లిష్, బెంగాలీ, తమిళంతో పాటు తెలుగు మాధ్యమమూ ఉంది. పిల్లలు తగ్గారు కాబట్టి ఒక బడిలో తెలుగు సెక్షన్ ఎత్తేద్దామని ఓసారి ఫైలొచ్చింది. ఆధారాలు రెండు జాబితాలు: ఒకటి బడి పంపింది, రెండోది తనిఖీకి వెళ్లినవాళ్లు తలలు లెక్కపెట్టి రాశామన్నది. రెండింట్లో ఒకే అంకె. ఇంకేం కావాలి అన్నారంతా.

పేర్లు చదివాను. 'గరికిన' ఇంటిపేరు మొదటి దాంట్లో 'గరికానా' అని పడింది. రెండో దాంట్లోనూ గరికానాయే. రెండు ప్రతుల్లో ఒకేచోట ఒకే రాతతప్పు కనిపిస్తే, ఒకదాన్ని చూసి మరొకటి రాశారని, లేదా రెండింటికీ మాతృక ఒకటేనని అనుమానించాలి. అప్పుడవి రెండు సాక్ష్యాలు కావు. హాజరుపట్టీ తెప్పించాను. వేసవికి ఊరెళ్లి, విశాఖ ఓడలో టిక్కెట్లు దొరక్క ఆలస్యంగా తిరిగొచ్చిన పిల్లల పేర్లు అడుగున, వేరే సిరాతో ఉన్నాయి. జాబితాల్లో వాళ్లు లేరు. తనిఖీకి ఎవరూ వెళ్లలేదన్నమాట. వెళ్లుంటే బెంచీల మీదే కనిపించేవాళ్లు.

రెండు వాక్యాల నోట్ పెట్టాను. ఆ ఏడు సెక్షన్ నిలిచింది. నోట్ మరీ పొట్టిగా ఉంది, ఇంకో పేరా రాయమన్నారు పైవారు. హాజరుపట్టీ నకలు ఫైల్లో ఏ పేజీలో ఉందో రాసి పంపాను.