పంపేవారి ధైర్యం

‘పిలుపు’ మన తెలుగిళ్ళలో తీయని మాట. బొట్టుపెట్టి పేరంటానికి పిలుస్తారు. శుభలేఖ చేతికిచ్చి పెళ్ళికి పిలుస్తారు. పిలవని పేరంటానికి వెళ్ళడం ఎంత నామోషీయో, పిలిచినచోటికి వెళ్ళకపోవడం అంత మర్యాద తక్కువ. మా క్రైస్తవుల ఇళ్ళలో ఈ మాటకు మరొక అర్థం కూడా వున్నది. ఫలానావారి అబ్బాయికి పిలుపు వచ్చిందంటే, దేవుడు తన పనికి రమ్మన్నాడని. ఆ కబురు పొరుగింటిదైతే చర్చిలో అందరం చేతులు జోడించి స్తోత్రం చెబుతాం. మన గడపే తొక్కిందా, ఆ పూట అన్నం సహించదు.

పిలుపు అందుకున్నవాళ్ళంతా సంబరంగా బయలుదేరారని అనుకుంటాం గాని, బైబిలులో అట్లా లేదు. మోషే సంగతి చూడండి. ఎనభై ఏళ్ళవాడు, మామగారి మందను కాచుకుంటూ నిమ్మళంగా బతుకుతున్నవాడు. మండుతున్నా కాలిపోని పొదలోంచి దేవుడు పిలిచి, ఐగుప్తుకు పోయి నా జనాన్ని విడిపించుకు రమ్మంటే, ఒకటి కాదు, ఐదు సాకులు చెప్పాడు. నేనెంతటివాణ్ణి అన్నాడు, నీ పేరేమని చెప్పను అన్నాడు, వాళ్ళు నన్ను నమ్మరన్నాడు, నాకు మాట సరిగా రాదన్నాడు, చివరికి, మరెవరినైనా పంపించు ప్రభూ అని బతిమాలుకున్నాడు. తెలుగు పాఠం చెప్పుకుని బతికేవాణ్ణి గనక నాకు ఆ నాలుగో సాకు మీద ప్రత్యేకం మమకారం. దేవుడు ఆయన నాలుకను చక్కజేసి పంపలేదు. అన్న అహరోనును తోడిచ్చి, ఆ తడబడే నాలుకతోనే పంపాడు. భయం తీరేదాకా ఆగి వుంటే మోషే ఆ గొర్రెల దగ్గరే వుండిపోయేవాడు.

ఇది ఎప్పటి మాటో, ఎక్కడి మాటో అనుకోనక్కరలేదు. మా పాత వరంగల్లు సీమలోనే, రైలుమార్గం మీద డోర్నకల్లు వున్నది. అక్కడికి 1909లో ఒక తమిళుడు వచ్చాడు. ఆయన వేదనాయకం శామ్యూల్ అజరయ్య. 1874లో తిరునెల్వేలి సీమలో ఒక పల్లెటూరి పాదిరిగారి ఇంట పుట్టి, వై.ఎమ్.సి.ఎ. కార్యదర్శిగా దక్షిణదేశమంతా తిరిగి పేరు తెచ్చుకున్నవాడు. 1903లో తోటివారితో కలిసి, భారతీయులే డబ్బు వేసుకుని భారతీయులనే సేవకు పంపే సంఘాన్ని తిరునెల్వేలిలో స్థాపించాడు. ఆ సంఘం ఎంచుకున్న పొలమే నిజాం రాజ్యంలోని డోర్నకల్లు. కొన్నేళ్ళు ఇతరులను పంపిన మనిషి, చివరికి ఉద్యోగం విడిచి, గురుపట్టం పొంది తానే వచ్చాడు.

తమిళంలోనూ ఇంగ్లీషులోనూ సభలను మెప్పించగలవాడు ముప్పై అయిదేళ్ళ వయసులో తెలుగు అక్షరాలు దిద్దడమంటే ఏమిటో, తరగతి గదిలో బతికిన నాకు తెలుసు. పెద్ద వయసులో పరాయి భాష నేర్చుకునేవాడు మళ్ళీ పసివాడు కావాలి. నలుగురూ నవ్వితే ఓర్చుకోవాలి. ఆ మరుసటి ఏడే, 1910లో, ఎడింబరో మహాసభలో తెల్లదొరల ఎదుట నిలిచి, మీరు ఎన్నో ఇచ్చారు గాని మాకు కావలసింది స్నేహం అని మొహమాటం లేకుండా చెప్పింది ఈయనే. 1912 డిసెంబరు 29న కలకత్తాలో బిషప్పుగా అభిషేకం పొందాడు. ఆంగ్లికన్ సంఘంలో ఆ పదవి దక్కిన మొదటి భారతీయుడు. 1945 జనవరి 1న కన్నుమూసేదాకా, ఊరికి ఎడంగా నిలిపిన మాల, మాదిగ వాడల మధ్యే ఎక్కువగా పనిచేశాడు.

ఆయన ధైర్యాన్ని అందరూ పొగుడుతారు. నాకు మాత్రం ఆయన భార్య అన్బు మరియమ్మాళ్ గుర్తుకు వస్తుంది. ఆ రోజుల్లో ఆడవాళ్ళకు అరుదైన చదువు చదివిన మనిషి. పిలుపు భర్తకు వచ్చింది; పుట్టిన ఊరూ, అలవాటైన భాషా ఆమె కూడా విడవవలసి వచ్చింది. పిలుపు ఒకరికే వస్తుంది గాని, దాని బరువు ఇంటిల్లిపాదీ మోయాలి.

ఇంత దూరం చెప్పడానికి కారణం మా అమ్మాయి. నర్సింగు చదువుతూ వుండగా, 2024 ఫిబ్రవరిలో మేడారం జాతర వైద్య శిబిరంలో పనిచేయడానికి వెళ్ళింది. తిరిగివచ్చి రెండు రోజులు ఏమీ మాట్లాడలేదు. మూడో రోజు భోజనాల దగ్గర మెల్లిగా అన్నది:

“జాతర నాలుగు రోజులూ ఎటు చూసినా డాక్టర్లే నాన్నా. అయిదో రోజు గుడారాలు ఎత్తేస్తారు. గూడేలవాళ్ళు మాత్రం అక్కడే వుంటారు.”

“అయితే?” అన్నాను.

“చదువు కాగానే నేను అక్కడికి వెళతాను. దేవుడు నన్ను అక్కడికే రమ్మంటున్నాడనిపిస్తున్నది.”

పట్నంలో పెద్ద ఆసుపత్రులున్నాయి గదమ్మా అన్నాను. అడవి జ్వరాల మాట ఎత్తాను. 2023 జులై వానలకు జంపన్న వాగు పొంగి మనుషులను పొట్టనపెట్టుకున్న సంగతి గుర్తు చేశాను. లెక్కపెట్టి చూస్తే నావీ అయిదు సాకులే అయినాయి! పిలుపు దానికి వస్తే, సాకులు నాకు వచ్చాయి.

జాతర సందడి అణగినాక, ఒకసారి చూసివద్దామని ఇద్దరం వెళ్ళాం. హనుమకొండకు సుమారు వంద కిలోమీటర్లు. ఇప్పుడది ములుగు జిల్లా. గద్దెల దగ్గర ఒక కోయ ముసలాయన సమ్మక్క కథ చెప్పాడు. కరువు రోజుల్లో కప్పం కట్టలేమన్నందుకు కాకతీయ సైన్యం మీదికి వచ్చిందట. పోరులో భర్త పగిడిద్ద రాజు పడిపోయాడు, కూతురు సారలమ్మ పడిపోయింది. కొడుకు జంపన్న సంపెంగ వాగులో దూకి ప్రాణం విడిస్తే అదే జంపన్న వాగయింది. సమ్మక్క ఒళ్ళంతా గాయాలతో పోరాడి, చిలకలగుట్ట వైపు నడిచి కనుమరుగైంది. వెతకబోయినవారికి కుంకుమ భరిణె దొరికింది. నేటికీ జాతరలో సమ్మక్కను ఆ గుట్టమీదినుంచే గద్దెకు తీసుకువస్తారు. భక్తులు నిలువెత్తు బెల్లం తూచి, దాన్నే ‘బంగారం’ అంటారు.

మా నమ్మకం వేరు, మొక్కు మొక్కలేదు. కాని చెప్పులు విడిచి నిలబడ్డాం. కూతుర్నీ కొడుకునీ పోరుకు సాగనంపి, వాళ్ళ వెనకనే తానూ నడిచిన తల్లిని తలుచుకోవడానికి మతం అడ్డురాదు గదా.

తిరిగివచ్చిన రాత్రి మా ఇంటావిడ, “ఏమండీ, హన్నా కథ చదవండి” అన్నది. లేక లేక పుట్టిన సమూయేలును, పాలు విడవగానే షిలోహు మందిరంలో దేవునికి అప్పగించి వచ్చిన తల్లి హన్నా. ఏటేటా ఒక చిన్న అంగీ కుట్టి పట్టుకువెళ్ళేదట. ఆ కథ ఎన్నిమార్లు చదివానో! ఒక్క సంగతి ఆ రాత్రే తట్టింది. బిడ్డ ఎదుట లేడు. ఈ ఏడు ఎంత ఎదిగాడో, చేతులెంత సాగాయో, మనసులోనే కొలుచుకుని కుట్టాలి. కుట్టు కుట్టుకూ బెంగ వుండే వుంటుంది. అయినా వాణ్ణి వెనక్కి తీసుకురాలేదు, అంగీ తీసుకువెళ్ళింది.

“మరి మనమేం కుడదాం?” అని అడిగాను.

“ముందు మంచి దోమతెర కొనండి” అన్నది ఆవిడ, కళ్ళు తుడుచుకుంటూ.

అమ్మాయి ఆ అడవి సీమలో పనిలో చేరింది. వానాకాలం వస్తే మాకు ఇప్పటికీ నిద్ర పట్టదు. ఫోను మోగకపోతే భయం, వేళ గాని వేళ మోగితే మరీ భయం. ఆదివారం ప్రార్థన కాగానే మాట్లాడుతుంది. మొదటి వారమే ఒక సంగతి చెప్పింది: అక్కడి పెద్దవాళ్ళు మామూలుగా తెలుగే మాట్లాడతారు గాని, నొప్పి ఎక్కువైతే కోయలోకి వెళ్ళిపోతారట. అందుకని ఆ భాష నేర్చుకుంటున్నది. తప్పు పలికితే గూడెం పిల్లలు పకపక నవ్వుతున్నారట.

“నవ్వనీ తల్లీ” అన్నాను.

ఇప్పుడు నాకూ ఒక పని దొరికింది. అది ఫోనులో కోయ మాటలు చెబుతుంటే, నేను తెలుగు లిపిలో నోటుపుస్తకంలో ఎక్కించి, వరసలు కూర్చి, వెనక్కి పంపుతున్నాను. మొదటి పుటలో మొదటి మాట, ‘ఎక్కడ నొప్పి?’