శ్రుతి మారినా పాట మారదు

శ్రుతి తల్లి, లయ తండ్రి అని పెద్దల మాట. అయితే ఎవరి తల్లి వారికి వేరైనట్లే ఎవరి కంఠానికి తగిన శ్రుతి వారిది. మన సంగీతంలో షడ్జమానికి కట్టుబడిన స్థానం లేదు. గాయకుడు తన గొంతుకు అనువైన చోట దానిని నిలుపుకొంటాడు. తక్కిన స్వరాలు దానిని అనుసరిస్తాయి.

ఈ స్వేచ్ఛ వెనుకనున్న శ్రమ హార్మోనియం నేర్చిన మాకు తెలుసు. ఒకటో శ్రుతిలో శంకరాభరణం ఏడు స్వరాలూ తెల్లమెట్ల మీదనే పలుకుతాయి. రెండో శ్రుతికి పోతే రెండు నల్లమెట్లు, మూడో శ్రుతికి పోతే నాలుగు నల్లమెట్లు వచ్చి చేరుతాయి. పాట అదే, వ్రేళ్ళ నడక మాత్రం మళ్ళీ అభ్యసించాలి. అందుచేత వాద్యకారునికి అలవాటైన శ్రుతికే గాయకుడు లోబడవలసి రావడం పరిపాటి.

మా గానబృందంలో ఉర్దూ గజళ్ళు పాడే మిత్రుడొకడు, తెలుగు లలితగీతాలు పాడే సోదరి ఒకరు ఉన్నారు. ఆమెకు అయిదో శ్రుతి సుఖం. అతని చేత అందరూ రెండున్నరలో పాడించేవారు. తారస్థాయి షడ్జమం చేరేసరికి అతని గొంతు బిగిసిపోయేది. “పాట నీకబ్బదు” అన్న మాట పలుమార్లు విని, ఇక వేదిక ఎక్కనని అతడు నిశ్చయించుకొన్నాడు.

ఆ రోజులలో మేము ఆబుల్టన్ పుష్ అనే ఎలక్ట్రానిక్ వాద్యాన్ని అరువు తెచ్చుకొని అభ్యసిస్తున్నాము. 2013లో వెలువడిన ఈ పరికరం కంప్యూటరుతో జతకూడి పలుకుతుంది. చదరంగపు బల్లవలె దీనికి 64 గళ్ళు. పన్నెండు స్వరస్థానాలూ ఉండే అమరికలో కుడివైపుకు గడికొక స్థానం, పై వరుసకు అయిదు స్థానాలు పెరుగుతాయి. కనుక షడ్జమానికి నేరుగా పైన శుద్ధమధ్యమం, అక్కడికి రెండు గళ్ళు కుడిగా పంచమం. షడ్జమం ఎక్కడ పెట్టినా ఈ ఆకారం మారదు. శ్రుతిని ఒకటికి దించాము. మా వ్రేళ్ళు పాత దారినే నడిచాయి. మిత్రుని కంఠం తారాషడ్జమాన్ని నిబ్బరంగా అందుకొన్నది.

మేళం మార్చడం ఇంతకు భిన్నమైనది. శ్రుతి మార్పు కుటుంబం ఇల్లు మారడం వంటిది. మేళం మారితే కుటుంబంలోని మనుషులే మారతారు. ఆ వాద్యంపై మేజర్‌కు బదులు లిడియన్ ఎంచితే శుద్ధమధ్యమం తొలగి ప్రతిమధ్యమం వస్తుంది. అది మనకు కల్యాణి మేళం, హిందూస్తానీ వారికి కల్యాణ్ ఠాట్. ఫ్రిజియన్ ఎంచితే మనకు తోడి, వారికి భైరవి. వెలిగే గళ్ళు అవే. సోదరి ఒక పేరు చెప్పగా మిత్రుడు మరొక పేరు చెప్పాడు. ఇద్దరూ నవ్వుకొన్నారు.

ఈ సౌకర్యంలో ఒక ప్రమాదమూ కలదు. మేళంలోని స్వరాలనే చూపే అమరికలో పరస్వరం తగలదు. తప్పు వినబడని చెవి క్రమంగా మొద్దుబారుతుంది. పైగా మేళం రాగం కాదు. గమకం లేని తోడిని తోడి అనలేము. 2014లో రోజర్ లిన్ రూపొందించిన లిన్‌స్ట్రుమెంట్‌లో గళ్ళమీద వ్రేలు జార్చి స్వరాన్ని సాగదీయవచ్చును. అయినా ఎంత జార్చాలో చెప్పవలసినది చెవియే.

వార్షికోత్సవాలకు గాయకులను ఎంపిక చేసే పెద్దలకు మా మనవి ఒకటే. కొత్త వాద్యం ఉన్నా, పాత హార్మోనియమే ఉన్నా, విద్యార్థిని మొదట “నీ శ్రుతి ఏది?” అని అడగండి. గొంతు బాగులేదన్న తీర్పు ఆ తరువాత చెప్పవచ్చును.