చిరుతపులికి లేని స్వాస్థ్యం



దక్షిణాఫ్రికాలో సాబీ శాండ్ అనే అభయారణ్యం ఉంది. దాదాపు 65,000 హెక్టార్లు, అంటే మన లెక్కలో లక్షా అరవై వేల ఎకరాలు. దానికీ పక్కనున్న క్రూగర్ నేషనల్ పార్కుకూ మధ్య ఉన్న కంచెను 1993లో తీసేశారు. కంచె పోయింది గాని చిరుతపులుల సరిహద్దులు అలాగే ఉన్నాయి.

అక్కడ తల్లి చిరుత తన చోటులో కొంత కూతురికి వదిలిపెట్టడం కద్దు. కొడుకుకు ఆ భాగ్యం లేదు. ఏడాది, ఏడాదిన్నర దాటాక తల్లిని విడిచి వెళ్లిపోవాలి. ఎటు వెళ్లినా మరో మగ చిరుత ఏలే చోటే. కొన్నేళ్లు తప్పించుకు తిరిగి, బలం వచ్చాక పోరాడి ఒక చోటు సంపాదిస్తుంది. అప్పటినుంచి ఇక కాపలానే. పొదల మీద మూత్రం చిమ్ముతుంది, కాళ్లతో నేల గీరుతుంది, రంపంతో కట్టె కోసినట్టు అరుస్తుంది. వేటను హైనాలు లాక్కోకుండా నోట కరుచుకొని చెట్టెక్కిస్తుంది. ఇంత చేసినా, వయసు మీదపడి కోరలు అరిగాక కుర్ర చిరుత ఒకటి వచ్చి దాన్ని తరిమేస్తుంది. పాతదాని పిల్లలను కూడా తరచుగా చంపేస్తుంది.

దాన్ని తప్పు పట్టలేం. తండ్రి ఇచ్చిన స్వాస్థ్యం దానికి లేదు. కోరలతో సంపాదించాలి, కోరలతోనే కాపాడుకోవాలి.

మరి మన సంగతి? జానెడు గట్టు కోసం అన్నదమ్ములు ఏళ్ల తరబడి మాట్లాడుకోరు. మందిరంలో ఒకరు ఈ మూల, ఒకరు ఆ మూల కూర్చుంటారు. ఇద్దరూ ప్రభువు బల్లలో పాలు పొందుతారు. చివరికి ఆ పగను పిల్లలకు అప్పగించి పోతారు.

ఆదికాండము 13వ అధ్యాయంలో అబ్రాము పెద్దవాడై ఉండి కూడా, ఏ వైపు కావాలో ముందు లోతునే కోరుకోమన్నాడు. పచ్చని నేల లోతుకు పోయింది. అబ్రాముకు కొదువ కలగలేదు, ఎందుకంటే ఇచ్చేవాడు దేవుడు.

న్యాయమైన హక్కు వదులుకోమని నేను చెప్పడం లేదు. సర్వేయరును పిలిపించి కొలిపించుకోండి. కొలత అయ్యాక మాత్రం తమ్ముడి ఇంటికి వెళ్లి మంచినీళ్లు అడిగి తాగి రండి. పరలోకమందు మన కోసం భద్రపరచిన స్వాస్థ్యం గురించి పేతురు తన మొదటి పత్రికలో రాశాడు. అది ఉన్నవారికి గట్టు దగ్గర కోరలు చూపించే అవసరం ఏముంది?

వచ్చే ఆదివారం బల్ల దగ్గరకు రాకముందే ఆ గడప తొక్కండి. ప్రభువు మీకు తోడైయుండును గాక. ఆమేన్.