మూసిన వాకిలి

అంతర్జాలంలో ప్రతి యంత్రానికీ అనేక వాకిళ్ళుంటాయి. పోర్టులనే ఈ వాకిళ్ళకు అంకెలే పేర్లు. ఉత్తరాల వాకిలి 25. 1982 ఆగస్టులో జాన్ పోస్టెల్ రచించిన ఎస్.ఎం.టి.పి. నియమావళి ప్రకారం ఏ యంత్రమైనా మరే యంత్రపు 25వ వాకిలినైనా తట్టి ఉత్తరం అందించవచ్చు. తట్టినవాడు తానెవరని చెప్పుకుంటే వాడే. ఒకరినొకరు ఎరిగిన ఆ చిన్న ఊరిలో ఆ నమ్మకం చెల్లింది.

ఊరు పెరిగింది, దొంగలు చేరారు. 2003 ఆగస్టులో సోబిగ్-ఎఫ్ అనే పురుగు తన సొంత తపాలా యంత్రాంగాన్ని వెంటబెట్టుకొని వచ్చి, ఇంటివారికి తెలియకుండానే వారి కంప్యూటర్లనుండి ఉత్తరాలు గుమ్మరించింది. ఇటువంటి వరదలకు అడ్డుకట్టగా అనేక సంస్థలు తమ గృహ వినియోగదారులు బయటి 25వ వాకిళ్ళను తట్టకుండా దారి మూశాయి.

నా విషయానికొస్తే, ఒక పాత కంప్యూటరులో లినక్సు, పోస్ట్‌ఫిక్స్ ఎక్కించి మా కుటుంబానికి సొంత తపాలా కార్యాలయం పెట్టుకున్నాను. వచ్చే ఉత్తరాలు వచ్చాయి. పోవలసినవి మాత్రం వరుసలోనే నిలిచిపోయాయి. మూడు రోజులు వెతికితే కారణం దొరికింది: దారి మూసి ఉంది. మాకు అంతర్జాలం అందించే సంస్థకు ఫోను చేస్తే అక్కడి ఉద్యోగి మర్యాదగానే, "భద్రత కోసమండీ. తెరవాలంటే వ్యాపార పథకం తీసుకోండి" అన్నాడు. ఎక్కువ సొమ్ము కడితే తీరిపోయే ప్రమాదం ఎటువంటిదో నాకు బోధపడలేదు.

587వ వాకిలి ఉంది కదా అంటారు. ఉంది. 1998లోనే దానిని ఏర్పరచారు. పేరూ సంకేతపదమూ చెప్పి మన ఉత్తరాన్ని ఒక తపాలా సర్వరుకు అప్పగిస్తే మిగతా పని అది చూసుకుంటుంది. ఈ వాకిలిని ఏ సంస్థా మూయరాదని 2007 నవంబరులో వెలువడిన ఆర్.ఎఫ్.సి. 5068 స్పష్టంగా చెప్పింది. మా ఉత్తరాలు ఇప్పుడు ఆ దారినే పోతున్నాయి.

అయినా భేదముంది. 25 తపాలా కార్యాలయాలు తమలో తాము మాట్లాడుకునే వాకిలి. 587 వినియోగదారుడు నిలబడే కిటికీ. మొదటిది మూసివేస్తే మనం ఎన్నటికీ కిటికీ ఇవతలివారమే. మా అమ్మ మా పిన్నికి రాసే నాలుగు ముక్కలు కూడా మూడో మనిషి యంత్రం గుండానే పోవాలి. ఇంటికీ సంస్థకూ భేదం పాటించని వ్యవస్థలో ఇది చిన్న మార్పు కాదు.

మూయడాన్ని నేను తప్పుపట్టను. మూశామని ముందుగా చెప్పకపోవడాన్నీ, అడిగినవారికి తాళం తీయకపోవడాన్నీ తప్పుపడతాను. తెరిచిన తరువాత నా ఇంటినుండి చెత్త వస్తే నిరభ్యంతరంగా మళ్ళీ మూయవచ్చు.

మీ ఇంటి సంగతి తెలుసుకోవాలంటే టెల్నెట్‌తో ఏదైనా తపాలా సర్వరు 25వ వాకిలిని తట్టి చూడండి. 220 అనే అంకెతో పలకరింపు వస్తే దారి తెరిచే ఉన్నట్టు. ఎంతకూ బదులు రాకపోతే మీ సంస్థను ఒక్క మాట అడగండి.